సమస్య: “రాగిచెంబు నీట రోగమొదవె” (ఆటవెలది)

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. పైన ఇచ్చిన పాదమే చివరి పాదంగా ఆటవెలది పద్యం పూరించాలి. రాత్రి రాగిచెంబులో నీళ్లు పోసి పొద్దున్నే తాగడం మనలో చాలా ఇళ్లలో ఉన్నదే. ఆ నీటికి రోగం అంటగట్టడమే ఇందులో చిక్కు. మా ఇంట్లో జరిగిన దాన్నుంచే ఇది పుట్టింది. అబ్బాయి కంప్యూటర్ మాటిమాటికీ వేడెక్కి ఆగిపోతుంటే, పోయిన వారం దాని వాటర్ కూలింగ్, అంటే లోపల నీళ్లు తిప్పి చల్లబరిచే ఏర్పాటు, విప్పాం. ప్రాసెసర్ వేడిని నీటికి అందించే పలక (బ్లాక్) రాగిది, ఆ నీటిని చల్లార్చే రేడియేటర్ అల్యూమినియంది. రాగి పలకలో వెంట్రుకంత సన్నటి గాడులుంటాయి. వాటి నిండా గంజిలాంటి తెల్లటి జిగురు, అల్యూమినియం తుప్పు పడితే వచ్చే అల్యూమినియం హైడ్రాక్సైడ్. రేడియేటర్ మూతి దగ్గర గుండుసూది మొనంతేసి గుంటలు. అందుకే ఒక్కటి అడుగుతున్నాను: రోగం ఎవరికి, ఎందుకు వచ్చిందో పద్యంలో తేలాలి.

యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ ఒక అక్షరంతో కుదరాల్సిన పొత్తు, ఆ సంగతి కూడా ముందే చెబుతాను. రా–రో అచ్చులకు పొత్తు (స్వరమైత్రి) లేదు. రాగి–రోగ, రెండో అక్షరాల్లోని గకారం కలిసి ప్రాసయతి. ఆటవెలదికి చెల్లుతుంది.

గుంటూరు మిత్రుడు:

అల్యుమినియ మొకటి యావల రాగియు
నడుమ నీరు తాను నదిగ బాఱ
రేడియేటరునకు రెండవ యేటనే
రాగిచెంబు నీట రోగమొదవె

నిర్వాహకుడు:
మూడో పాదం చదవగానే మా రేడియేటరే కళ్ల ముందుకొచ్చింది. రోగం రాగికి కాదు, పక్కవాడికి. అది సరిగ్గా పట్టుకున్నారు. ప్రమాణ విభవం రాగికి +0.34 వోల్టులు, అల్యూమినియానికి −1.66; రెండు లోహాలు తగిలి నీటిలో ఉంటే ఈ అంకె తక్కువున్నదే కరుగుతుంది. మామూలు నీటిలో అల్యూమినియం మీది ఆక్సైడ్ పొర అడ్డుపడి తేడా తగ్గుతుంది గానీ, కరిగేది మాత్రం అల్యూమినియమే. రెండో పాదంలో “తాను” వ్యర్థపదం. “నడుమ నుప్పునీరు నదిగ బాఱ” అంటే గణం, యతి చెడవు, కారణం కూడా పద్యంలోకి వస్తుంది. లవణాలున్న నీరే కరెంటుకు దారి.

గుంటూరు మిత్రుడు:
సవరణ శిరోధార్యం. కానీ డిస్టిల్డ్ వాటర్ పోస్తే?

నిర్వాహకుడు:
మొదట్లో మేలే. తర్వాత లోహాల నుంచే అయాన్లు, అంటే కరెంటును మోసే కణాలు, నీటిలో చేరతాయి. కరిగిన రాగి వెళ్లి అల్యూమినియం మీద కూర్చుంటుంది, కూర్చున్న చోటల్లా ఒక చిన్న బ్యాటరీ. మావాడు పోసింది మాత్రం బోరు నీళ్లు.

అమలాపురం అక్కయ్య:

అవ్వ చెప్ప వినక యా చింతపండును
రేయి నానబెట్టి రెప్పవాల్చ
పులుపు తాకి చిలుము పూచెను తెల్లాఱ
రాగిచెంబు నీట రోగమొదవె

నిర్వాహకుడు:
అక్కయ్యా, “చిలుము పూచెను” దగ్గర చాలాసేపు ఆగిపోయాను. కంప్యూటర్ ఊసే లేకుండా మన వంటింట్లోనే సమస్య విడిపోయింది. కళాయి లేని పాత్రలో పులుపు పెట్టకూడదనడానికి కారణం ఇదే, ఆమ్లం రాగిని కరిగిస్తుంది. అయితే ఇక్కడ దోషం పులుపుది, రెండో లోహం లేదు. పద్యంగా మాత్రం నాకు దీనిమీదే మక్కువ.

విశాఖ మిత్రుడు:

తాత కుదయమందు దాహ మెచట దీఱె?
మనుమ డల్యుమినియ మచట గలుప
వెండివన్నెదాని వెత యేమి? చెప్పుడీ!
రాగిచెంబు నీట, రోగమొదవె

ఓడల పనిలో ఉన్నవాణ్ణి, ఒక మాట చెప్పాలి. 1761లో బ్రిటిష్ నౌకాదళం అలారం అనే ఓడ అడుగుకు రాగిరేకు తొడిగింది. రెండేళ్లకు చూస్తే ఇనుప మేకులు చాలావరకు తినేసి ఉన్నాయి. రేకుకు చుట్టివచ్చిన గోధుమరంగు కాగితం ఎక్కడ మిగిలిందో అక్కడి మేకులు మాత్రం బాగున్నాయి. రెండు లోహాలూ తగలకపోవడమే వాటిని కాపాడింది.

నిర్వాహకుడు:
చివరి పాదాన్ని రెండు ప్రశ్నలకు రెండు జవాబులుగా విరవడం చక్కగా కుదిరింది. తాత నీటికి మచ్చ రాలేదు, మనుమడి పనికి ఫలితం కనబడింది. కాగితం సంగతి నాకు కొత్త.

హైదరాబాద్ నుంచి కొత్త సభ్యుడు:
గురువుగారూ, ఇది నా మొదటి పూరణ.

పాచి రాక యుండ పట్టుచు వెండిని
తీగ జుట్టి వేసి తెలియలేక
వెండి రాగి కలిసి తెల్లలోహము తినె
రాగిచెంబు నీట రోగమొదవె

నిర్వాహకుడు:
తమ్ముడూ, గణాలన్నీ సరిపోయాయి. మూడో పాదంలో వె–తె యతి కుదరలేదు. “వెండి రాగి కలిసి వెలిలోహమును దినె” అని మార్చు. వెలిదామరలో ఉన్న వెలి అది, తెలుపు అని అర్థం; వెలిలోహమంటే ఇక్కడ అల్యూమినియం. విషయం చాలా బాగా ఎంచుకున్నావు. నీటిలో పాచి పట్టకుండా వెండి తీగ వేసేవాళ్లున్నారు. వెండి ప్రమాణ విభవం +0.80 వోల్టుల దగ్గర ఉంటుంది, అల్యూమినియానికి అది రాగికన్నా దూరపు తోడు.

కొత్త సభ్యుడు:
మార్చుకున్నాను. ఫ్యాక్టరీలో సీలు చేసిన కూలర్లలో రాగి పలక, అల్యూమినియం రేడియేటర్ కలిసే వస్తాయి కదా, అవెలా నిలుస్తున్నాయి?

నిర్వాహకుడు:
అందులో పోసేది ఉత్త నీళ్లు కాదు, తుప్పును అడ్డే మందులు కలిపిన ద్రవం. కార్ల రేడియేటర్లకూ ఇదే ఏర్పాటు. ఆ మందు వాడే కొద్దీ తరుగుతుంది. విడిభాగాలు కొని నువ్వే బిగించుకుంటే రేడియేటర్ కూడా రాగిదో ఇత్తడిదో తీసుకో. ఇత్తడి రాగికి దగ్గరి చుట్టం, నికెల్ పూత ఉన్న ఫిట్టింగులూ పరవాలేదు. నీళ్లు పోసే ముందు రేడియేటర్ గొట్టాలు ఏ లోహమో అడిగి తెలుసుకో. పైన నల్లరంగు వేసి ఉంటే కంటికి తెలియదు, మేం మోసపోయింది అక్కడే.