రుసుము కట్టి రికార్డు వినడం విజయనగరంలో సబబేనా?

మూడు లాంతర్ల శ్రోత:
మా మిత్రులొకరు కోట సమీపంలోని తమ మేడ గదిని సంగీతం వినడానికే ప్రత్యేకంగా తీర్చిదిద్దారు. రికార్డు తిప్పే టర్న్‌టేబుల్, ధ్వనిని పెంచే ట్యూబ్ యాంప్లిఫయర్, నిలువెత్తు స్పీకర్లు అమర్చి, గంటకు 200 రూపాయలు తీసుకోవాలని ఆలోచిస్తున్నారు. ఇది సబబేనా అన్న విషయంపై సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను.

కంటోన్మెంట్ రసికుడు:
నాకు సమ్మతం కాదు. 1919లో విజయరామ గజపతి సంగీత కళాశాల నెలకొల్పి, ఆదిభట్ల నారాయణదాసు గారిని తొలి అధ్యక్షులుగా నియమించిన ఊరు మనది. ఇక్కడ పందిట్లో చాప మీద కూర్చుని ఎన్నో కచేరీలు పైసా ఇవ్వకుండా విన్నాము. ఎదుట విద్వాంసుడే లేనప్పుడు రుసుము దేనికి? పైగా నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత 78 రికార్డులో లేని నాదాన్ని లక్షల ఖరీదు చేసే స్పీకరు మాత్రం ఎక్కడి నుంచి తెస్తుంది?

గంట స్తంభం వయొలిన్ అభిమాని:
అయ్యా, మీ చివరి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే రికార్డులో ఉన్న నాదాన్ని మన ఇళ్ళ గదులే పాడు చేస్తున్నాయన్నది నా బాధ. 4 మీటర్ల పొడవున్న గదిలో 43 హెర్ట్జ్ దగ్గరా, దాని రెట్టింపు దగ్గరా మంద్రధ్వని ఎదురెదురు గోడల మధ్య నిలిచిపోతుంది కనుక, మృదంగం ఎడమవైపు పలికే మంద్రనాదం, అంటే గుమ్కీ, ఒకచోట హోరెత్తి, మూడడుగుల అవతల సన్నగిల్లిపోతుంది. దళసరి తెరలు కడితే కీచుదనం తగ్గుతుంది గానీ మంద్రం లొంగదు. దానికి మూలల్లో మందపాటి రాతి ఉన్ని పలకలు నిలబెట్టాలి. ఆ మిత్రులు చేసిన అసలు ఖర్చు అదే.

పోయిన నెల ఆ గదిలో ఒక గంట కూర్చున్నాను. నా దగ్గర ఏళ్ళుగా ఉన్న వయొలిన్ ఎల్‌పీనే (లాంగ్ ప్లే రికార్డునే) తీసుకువెళ్ళాను. ఆలాపనలో కమాను దిశ మారే చోట తీగ మీద వినిపించే ఆ చిన్న రాపిడి, దాని వెనుక తంబురా తీగ మెల్లగా అణగిపోవడం నాకు అక్కడే మొదటిసారి తెలిశాయి. ఇంట్లో వింటున్నంత కాలం అందులో తంబురా ఉందనే నాకు తెలియదు!

టోక్యోలోని షిబుయాలో 1926 నుంచి ఉన్న లయన్ కాఫీ హోటలులో జనం ఒక కాఫీ కొనుక్కుని, మాట్లాడకుండా శాస్త్రీయ సంగీతపు రికార్డులు వింటారు. రికార్డులు సామాన్యుడికి అందనంత ఖరీదుగా ఉన్న రోజుల్లో ఆ దేశంలో పుట్టిన పద్ధతి అది. అందువల్ల గదికీ, నిశ్శబ్దానికీ రుసుము తీసుకోవడం తప్పని నేను అనలేను. సంగీత కళాశాల విద్యార్థుల దగ్గర మాత్రం తీసుకోకూడదు. ఈ విషయంలో నేను రాజీపడను. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన చోట చదువుకునే పిల్లలు 200 రూపాయలకు వెనుకాడి ఆ నాదం వినకుండా ఉండిపోకూడదు.

ఇంకొక సందేహం. 78 రికార్డు గాడి ఎల్‌పీ గాడి కంటే చాలా వెడల్పు. ఎల్‌పీ ముల్లుతో వాయిస్తే అది గాడి అడుగుకు దిగి గరగర బాగా ఎక్కువగా వినిపిస్తుంది. వారి దగ్గర వేరే ముల్లు ఉందా?

మూడు లాంతర్ల శ్రోత:
ఇప్పుడే అడిగాను. లేదన్నారు. అది తెప్పించే వరకు 78 రికార్డులు వాయించరట. విద్యార్థులకు ఆదివారం ఉదయం ఉచితంగా వదిలేయడానికి ఒప్పుకున్నారు.