పీఆర్ఐ తీసేసి సిప్ ట్రంకుకు మారవచ్చా?

గుంటూరు_ఈపీఏబీఎక్స్:
మా నర్సింగ్ హోమ్‌లో రెండు పీఆర్ఐ లైన్లున్నాయి (ఒకే లైనులో ఒకేసారి ఎన్నో కాల్స్ నడిచే టెలిఫోను కనెక్షను). వాటి బదులు సిప్ ట్రంకు (ఇంటర్నెట్ తరహా డేటా లింకు మీద కాల్స్ నడిపే కనెక్షను) తీసుకోండి, ఖర్చు తగ్గుతుందని కంపెనీవారు వెంటపడుతున్నారు. అంబులెన్సు కోసం ఫోన్లు వచ్చే చోట దీన్ని నమ్మవచ్చా?

పాత_ఎక్స్‌ఛేంజి:
నమ్మవద్దు. పీఆర్ఐ వచ్చే ఈ1 అనే డిజిటల్ లైనులో 32 గళ్లు, అంటే విడివిడి దారులు ఉంటాయి. రెండు గళ్లు లైను అవసరాలకు పోగా మిగిలిన 30 మాటలకే. ఒక్కో కాల్‌కు 64 కేబీపీఎస్ రాసిచ్చినట్టే, పక్క గదిలో ఎవరు సినిమా దించుకున్నా దానికి ఢోకా లేదు. లైను తెగితే కార్డు మీద ఎర్రదీపం వెలుగుతుంది. సిప్‌లో దీపాలన్నీ పచ్చగానే ఉంటాయి, అవతలివారి గొంతు మాత్రం వినబడదు! బ్రిటన్ సంగతి చూడండి. 2021 నవంబరులో ఆర్వెన్ తుఫానుకు ఊళ్లకు ఊళ్లు చీకటైపోయాయి. కరెంటు పోతే ఇంటర్నెట్ ఫోను పనిచేయదు కదా, 2022 మార్చిలో అక్కడి టెలిఫోను సంస్థ బీటీ ఇళ్ల ఫోన్లను ఇంటర్నెట్‌కు మార్చే పనిని ఆపింది. పాత నెట్‌వర్కు మూసివేత గడువు కూడా 2025 డిసెంబరు నుంచి 2027 జనవరికి జరిగింది.

ప్యాకెట్_పని:
ఆ ఉదాహరణ ఇక్కడ అతకదండీ. అక్కడ జనం పోగొట్టుకుంటున్నది ఎక్స్‌ఛేంజి బ్యాటరీ నుంచి రాగి తీగలో 48 వోల్టులు అందుకుని, ఇంట్లో కరెంటు పోయినా మోగే ఫోను. పీఆర్ఐకి ఆ భాగ్యం ఎప్పుడుంది? ఈపీఏబీఎక్స్, అంటే మీ భవనంలోని ఫోన్లను కలిపే పెట్టె, నడిచేది మీ కరెంటుతోనే. పైగా ఇప్పుడు చాలా చోట్ల పీఆర్ఐ కూడా ఫైబరు మీదే వచ్చి, మీ గదిలోని పెట్టెలో ఈ1 అవతారం ఎత్తుతుంది. యూపీఎస్ పడుకుంటే రెండూ పడుకుంటాయి.

మాట నాణ్యత గురించి బెంగ వద్దు. గొంతును డేటాగా మార్చే జీ.711 పద్ధతిలో ఒక కాల్‌కు ఐపీ శీర్షికలతో (డేటా ముందుండే చిరునామా వివరాలు) కలిపి 80 కేబీపీఎస్, 30 కాల్స్‌కు 2.4 ఎంబీపీఎస్ చాలు. రోగుల బంధువుల వైఫై నడిచే లింకు మీదే ట్రంకునూ నడిపితేనే అసలు తంటా. విడి లింకు అడగండి. సిప్ కాల్స్‌కు ద్వారమైన 5060 పోర్టును ఇంటర్నెట్‌లో లోకానికంతా తెరిచి పెట్టకండి, తెల్లారేసరికి మీ ఖాతాలో దొంగలు చేసిన విదేశీ కాల్స్ బిల్లు ఉంటుంది.

పాత_ఎక్స్‌ఛేంజి:
విడి లింకు, ఎస్‌బీసీ (సిప్ కాల్స్‌కు కాపలా కాసే పెట్టె), దాన్ని చూసుకునే మనిషి. ఇవన్నీ కలిపితే ఆ పొదుపు ఎక్కడ మిగిలింది? కంపెనీవారు చూపించే కాగితంలో ట్రంకు ధర ఒక్కటే ఉంటుంది.

ప్యాకెట్_పని:
పొదుపు కోసమే అయితే నేనూ మారమనను. కానీ 31వ కాల్ కోసం ఇంకో ఈ1 మొత్తం కొనడం, భవనంలోకి నీళ్లొస్తే అదే నంబరును ఇంకో శాఖకు మళ్లించలేకపోవడం మాటేమిటి? ఆసుపత్రికి ఆ రెండోదే ప్రాణం.

గుంటూరు_ఈపీఏబీఎక్స్:
సర్వర్ గదిలో పెట్టె తెరిపించి చూశాం. ఫైబరే వచ్చింది, దాని యూపీఎస్ బ్యాటరీలు ఉబ్బి ఉన్నాయి. ముందు అవి మార్పిస్తున్నాం. రిసెప్షన్ లైను పీఆర్ఐలోనే ఉంచి, అపాయింట్‌మెంట్ల నంబరును సిప్‌కు మారుస్తాం. విడి లింకు ధర వచ్చాక ఇక్కడ పెడతాను, ఇద్దరూ చూసి చెప్పండి.