చెప్పు జారినా తెలియట్లేదు, పరీక్షలకు ఇంకా మూడు వారాలు

నాకు 46 ఏళ్లు. ఐదు నెలలుగా నడుస్తుంటే కుడికాలి చెప్పు జారిపోతోంది, వెనక్కి చూసుకుంటే గానీ తెలియట్లేదు. రెండు నెలల నుంచి పాదం ముందుభాగం పైకి లేవక గడపలకు తట్టుకుంటోంది. నొప్పి లేదు, అందుకే ఇంట్లో ఎవరూ పట్టించుకోరు! పోయిన వారం మెట్ల మీద రెండుసార్లు తూలాను.

నడుము ఎమ్మారైలో పెద్దగా ఏమీ లేదన్నారు. బీ12 ఇంజెక్షన్లు పది అయ్యాయి. వెనక పట్టీ ఉన్న శాండిల్స్ కొన్నాను. చెప్పు ఆగింది గానీ కాలు ఈడ్చుకోవడం ఆగలేదు. ఎడమచేత్తో కర్ర పట్టుకుంటున్నాను. న్యూరాలజిస్టు మెడ ఎమ్మారై, నరాల పరీక్ష రాస్తే 24వ తేదీకి దొరికాయి. మాది రెండో అంతస్తు, లిఫ్టు లేదు.

మందుల షాపులో పాదాన్ని ఎత్తిపట్టే ఏఎఫ్ఓ స్ప్లింట్ చూపించారు. జబ్బేంటో తేలకముందే దాన్ని వాడినవాళ్లు ఉంటే చెప్పండి: మెట్లు దిగేటప్పుడు సాయపడిందా, ఇంకా అడ్డమైందా?