అరబీ ‘హుక్మ్’ అంటే తీర్పా, పాలనా?

నల్లగొండ_పాఠకుడు:
ఖురాన్‌లో ‘ఇనిల్ హుక్ము ఇల్లా లిల్లాహ్’ అనే వాక్యం మూడు చోట్ల వస్తుంది (6:57, 12:40, 12:67). కొందరు దీన్ని ‘పాలనాధికారం అల్లాహ్‌దే’ అంటారు, కొందరు ‘తీర్పు అల్లాహ్‌దే’ అంటారు. మొదటిదే నిజమైతే ఇది ప్రభుత్వాల గురించి చెప్పిన మాట అవుతుంది. అరబీ వ్యాకరణం చదివినవాళ్లు చెప్పండి.

జెద్దాలో_తెలుగు:
పాలనేనండీ. ఇక్కడ ప్రభుత్వాన్ని హుకూమా అంటారు, పాలకుణ్ని హాకిం అంటారు. ధాతువు ఒక్కటే. మన తెలుగులో హుకుం జారీ చేశారంటే ఆజ్ఞ ఇచ్చారనేగా అర్థం!

వ్యాకరణం_టీచర్:
జెద్దా గారూ, మీరు చెప్పేది ఈనాటి అరబీ. హుకూమా అనే నామం ఖురాన్‌లో లేనే లేదు. పాత అరబీలో దానికి తగవు తీర్చడం అనే అర్థం. ఫిఖ్‌హ్‌లో, అంటే ఇస్లామిక్ ధర్మశాస్త్రంలో, ‘హుకూమతు అద్ల్’ అంటే, ముందే రేటు కట్టని గాయానికి న్యాయంగా అంచనా వేసి ఇప్పించే పరిహారం. ప్రభుత్వం అనే అర్థం ఒట్టోమన్ల చివరి కాలంలో, 19వ శతాబ్దంలో స్థిరపడింది.

క్రియను చూస్తే ఇంకా తేటగా తెలుస్తుంది. నేటి పత్రికలు ‘హకమల్ బలద’ అని రాస్తాయి, అంటే దేశాన్ని పాలించాడు. ఇక్కడ దేశం ద్వితీయా విభక్తిలో ఉంది. ఖురాన్‌లో ‘హకమ’ క్రియ దేశాన్నో ప్రజలనో ఇలా కర్మగా తీసుకోదు. ‘బైన’ వస్తుంది, అంటే ఇద్దరి మధ్య. లేదా ‘బి’ వస్తుంది, అంటే ఫలానా దాని ప్రకారం. ఇద్దరి మధ్య చేసేది తీర్పే కదండీ.

19:12 కూడా చూడండి. యహ్యా ప్రవక్త పిల్లవాడిగా ఉండగానే ఆయనకు హుక్మ్ ఇచ్చామని ఉంది. పసివాడికి ఇచ్చింది వివేకం, రాజ్యం కాదు.

దక్కనీ_భాయ్:
టీచర్ గారూ, విభక్తులతో అంతా తేలిపోదు. 38:26లో అల్లాహ్ దావూద్ ప్రవక్తతో ‘నిన్ను భూమిపై ఖలీఫాగా (ప్రతినిధిగా) చేశాం, కాబట్టి ప్రజల మధ్య న్యాయంగా తీర్పు చెప్పు’ అన్నాడు. మీరన్న ‘బైన’ ఇక్కడా ఉంది, కానీ ఆయన రాజు! ఆ కాలంలో తీర్పు చెప్పడమే పాలన. ఈ రెంటినీ విడదీసింది మన కాలం. ఖలీఫా అలీకి, ముఆవియాకు మధ్య జరిగిన సిఫ్ఫీన్ యుద్ధం (657) తర్వాత, అలీ పక్షం నుంచి విడిపోయిన ఖారిజీలు ‘లా హుక్మ ఇల్లా లిల్లాహ్’ (హుక్మ్ అల్లాహ్‌దే) అని లేచింది అలీ అధికారం మీదే కదా?

వ్యాకరణం_టీచర్:
దావూద్ సంగతి ఒప్పుకుంటాను, అది బలమైన ఉదాహరణే. సిఫ్ఫీన్ మాత్రం మీ వాదనకు ఎదురు తిరుగుతుంది భాయ్. వాళ్ల మొదటి అభ్యంతరం ఆ యుద్ధం తగవు తేల్చడానికి పెట్టుకున్న మధ్యవర్తుల మీద. దేవుడు తేల్చాల్సింది మనుషులు తేల్చడమేమిటని. అలీ జవాబు ఆయన ప్రసంగాల సంకలనం నహ్జుల్ బలాగాలో ఉంది: మాట సత్యమే, దాంతో కోరేది అసత్యం. అవును, హుక్మ్ దేవుడిదే, కానీ వీళ్లు ‘ఇమ్రా’ (పాలన) దేవుడికే అంటున్నారు, మంచివాడో చెడ్డవాడో జనానికి ఒక అమీర్ (పాలకుడు) ఉండక తప్పదు. పాలనకు ఇమ్రా అని వేరే నామం వాడి, రెంటినీ ఆయనే విడదీశాడు. విడదీసింది మన కాలం కాదు.

దక్కనీ_భాయ్:
ఇమ్రా మాట నేను గమనించలేదు, ఆలోచించాల్సిందే. ఇంకోటి కలుపుతా. ఈ గొడవకు మన దక్కన్‌తో సంబంధం ఉంది. ‘హాకిమియ్యత్’ను సార్వభౌమత్వం అనే అర్థంలో ఉర్దూలో ప్రచారం చేసిన జమాతే ఇస్లామీ స్థాపకుడు మౌదూదీ 1903లో ఔరంగాబాద్‌లో పుట్టారు, అప్పట్లో అది నిజాం రాజ్యం. ఈజిప్టులో ఇస్లామిక్ సంస్థ ముస్లిం బ్రదర్‌హుడ్‌కు చెందిన రచయిత సయ్యిద్ కుతుబ్ ఆ భావాన్ని అందుకున్నారు.

వ్యాకరణం_టీచర్:
హాకిం అనే కర్తృవాచకానికి ‘ఇయ్యా’ చేర్చి కట్టిన భావనామం అది. ఈ రూపం ఖురాన్‌లో లేదు. ముస్లిం బ్రదర్‌హుడ్ నాయకుడు హసన్ అల్ హుదైబీ పేరుతో వచ్చిన గ్రంథం కూడా ఇదే అభ్యంతరం చెప్పింది.

నల్లగొండ_పాఠకుడు:
మూడు చోట్లా సందర్భం చూశాను. 6:57లో శిక్ష త్వరగా తెమ్మనేవాళ్లకు జవాబు, అక్కడ నిర్ణయం సరిపోతుంది. 12:67లో యాఖూబ్ ప్రవక్త తన కొడుకులను వేర్వేరు ద్వారాల గుండా వెళ్లమంటూ అన్న మాట, అక్కడా నిర్ణయమే. 12:40లో మాత్రం వెంటనే ‘తననే ఆరాధించమని ఆజ్ఞాపించాడు’ అని ఉంది. అక్కడ ఆజ్ఞ అని రాస్తే బాగుంటుందేమో.

వ్యాకరణం_టీచర్:
వద్దండీ. మూలంలో మూడు చోట్లా ఒకే వాక్యం ఉంటే తెలుగులోనూ ఒకే మాట ఉండాలి. నేనైతే మూడింటికీ ‘నిర్ణయాధికారం’ అంటాను.

జెద్దాలో_తెలుగు:
అధికారం అనగానే మళ్లీ పాలన వచ్చేసింది కదండీ?