క్రీట్ దీవి: అగియా రూమెలి నుంచి కారు దగ్గరికి తిరిగి రావడం ఎలా? మ్యాప్‌లో రోడ్డే కనిపించడం లేదు

తణుకు_టు_ఫ్రాంక్‌ఫర్ట్ (రాత్రి 1:20)
అందరికీ నమస్కారం. మూడు గంటల నుంచి దీని మీదే కూర్చున్నాను, తల వేడెక్కిపోయింది. గ్రీసులో క్రీట్ దీవికి వెళ్తున్నాం. విమానం టికెట్లు, హోటల్, అద్దె కారు అన్నీ బుక్ అయిపోయాయి, హోటల్ డబ్బు వెనక్కి రాదు. ప్లాన్ సింపుల్. పొద్దున్నే చానియా నగరం నుంచి కారులో కొండ మీదున్న ఓమలోస్ వెళ్లి, కారు అక్కడ పెట్టి, సమరియా లోయలోంచి నడుచుకుంటూ సముద్రం ఒడ్డున ఉన్న అగియా రూమెలి ఊరికి దిగడం. అక్కడ టాక్సీ పట్టుకుని కారు దగ్గరికి వచ్చేయడం. మర్నాడు లూత్రో అనే పల్లె, ఆ తర్వాత ఎలాఫోనిసి బీచ్.

అగియా రూమెలి నుంచి ఎటు కొట్టినా కారు రూట్ రావడం లేదు. పక్క ఊరు హోరా స్ఫకియోన్ మ్యాప్‌లో బొటనవేలంత దూరం కూడా లేదు, దానికీ రూట్ లేదంటోంది. నడక దారి ఒక్కటే చూపిస్తోంది, అదీ దిగొచ్చిన దారినే వెనక్కి! యాప్ తీసేసి మళ్లీ వేసుకున్నాను. మా ఆవిడ ఫోన్‌లోనూ అంతే. లూత్రోకీ ఇదే గొడవ. మ్యాప్ తప్పా, నేను ఊరి పేర్లు తప్పు కొడుతున్నానా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్.

రెండుముక్కలు
మ్యాప్ కరెక్టే. రోడ్డు లేదు. ఏ నెలలో వెళ్తున్నారు?

తణుకు_టు_ఫ్రాంక్‌ఫర్ట్
రోడ్డు లేకపోతే ఆ ఊళ్లో హోటళ్లు ఎలా నడుస్తున్నాయండీ? ఫొటోల్లో గొడుగులు, టేబుళ్లు, ఈ మూల నుంచి ఆ మూల దాకా ఫ్రిజ్‌లు కనిపిస్తున్నాయి. నెత్తిన పెట్టుకుని తెచ్చారా?

కొండదారి
ఫ్రిజ్ పడవ మీద వచ్చింది బ్రో. అక్కడ అన్నీ పడవ మీదే వస్తాయి.

వివరంగా చెప్తాను. క్రీట్ దక్షిణ తీరంలో తెల్ల కొండలు (వాళ్లు లెఫ్కా ఓరి అంటారు) నేరుగా లిబియన్ సముద్రంలోకి దిగిపోతాయి. ఆ కొండల్లో పాఖ్నెస్ శిఖరం 2,453 మీటర్లు, సముద్రం ఆ పక్కనే. మధ్యలో రోడ్డు వేసే జాగా లేదు, అందుకే అగియా రూమెలి, లూత్రో రెండూ పడవ ఊళ్లు. లేదంటే కాలినడక. మన పాపికొండల్లో లాంచీ మీద వెళ్లే ఊళ్లు గుర్తు తెచ్చుకోండి, అలాంటివే.

సమరియా దిగినవాళ్లంతా చేసే పని ఒకటే. సాయంత్రం పడవెక్కి తూర్పున హోరా స్ఫకియోన్‌కో, పడమర సూయాకో వెళ్తారు. అక్కడ పడవ కోసం చానియా బస్సు కాచుకుని ఉంటుంది. కారు ఓమలోస్‌లో వదిలితే మాత్రం ఇరుక్కున్నట్టే. హోరా స్ఫకియోన్‌లో దిగితే చానియా దాకా పోయి మళ్లీ కొండెక్కాలి, వంద కిలోమీటర్ల పైమాటే. సూయా కాస్త నయం, అక్కడి నుంచి ఓమలోస్‌కి నేరుగా కొండ రోడ్డు ఉంది. తెలిసినవాళ్లు కారు సూయాలోనే పెట్టి, పొద్దున బస్సులో ఓమలోస్ ఎక్కి, నడిచి దిగి, పడవలో కారు దగ్గరికే వస్తారు. మీ ప్లాన్‌ని తలకిందులు చేశారనుకోండి.

పేర్లు తప్పు కొట్టారేమో అన్నారు, అదీ జరుగుతుంది. చానియాని బోర్డుల మీద మూడు రకాల ఇంగ్లీషు స్పెల్లింగుల్లో రాస్తారు. పలకడం హన్యా. అగియా కాదు, అయా రూమెలి.

రూల్_పుస్తకం
ముందుగా ఒక ముఖ్యమైన విషయం, ఎవరూ ఎత్తడం లేదు. విదేశాల్లో కారు అద్దెకు తీసుకునే మనవాళ్లలో చాలామంది ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ లేకుండా వెళ్లిపోతున్నారు. అద్దె కంపెనీవాడు అడగకుండా తాళాలు ఇచ్చినంత మాత్రాన అది చట్టబద్ధం కాదు. ఇండియా లైసెన్సు ఉన్నవాళ్లు అక్కడి ఆర్టీవో ఆఫీసులోనే పర్మిట్ తీసుకోవాలి, ఏడాదే చెల్లుతుంది. జర్మనీలో ఆరు నెలలు దాటి ఉంటున్నవాళ్ల ఇండియా లైసెన్సు ఇక్కడే చెల్లదు, ఇక పర్మిట్ ఏం చేస్తుంది? యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్సువాడు మొదట అడిగేది ఇదే. సముద్రం, కొండలు తర్వాత. కాగితాలు ముందు.

తణుకు_టు_ఫ్రాంక్‌ఫర్ట్
నాది జర్మన్ లైసెన్సేనండి. నేను అడిగింది రోడ్డు గురించి.

రూల్_పుస్తకం
అది మొదటే రాయాల్సింది.

రెండుముక్కలు
ఏ నెల?

పెన్నగట్టు
ఒక చిన్న సవరణ. సమరియాని లోయ అంటున్నారు. లోయ అంటే కొండల మధ్య విశాలంగా పరుచుకున్న పల్లం, అరకు లోయలాగా. నీరు రాతిని నిలువుగా కోసుకుంటూ పోయి రెండు గోడల మధ్య ఇరుకు దారి మిగిల్చితే దాన్ని తెలుగులో గండి అంటారు. మా కడప జిల్లా గండికోటకి ఆ పేరు వచ్చింది అందుకే, పెన్న కోసిన గండి పక్కన కోట. ఉన్న మాటను వదిలేసి ఎందుకీ తిప్పలు?

బెజవాడ_బండి
గండి అంటే కాలవకి పడేది అన్నా. మా వైపు గండి పడింది అంటే జనం ఇసుక బస్తాలతో పరిగెడతారు. కొండల మధ్య దారిని కనుమ అనాలి.

పెన్నగట్టు
కనుమ అంటే కొండను దాటే దారి తమ్ముడూ. ఇక్కడ కొండను దాటడం లేదు, దాని కడుపులోంచి పోతున్నాం. కాలవకి పడే గండీ అదే మాట, నీళ్లు తెంపుకుని పోయిన చోటు. కావాలంటే నిఘంటువు చూసుకో.

కొండదారి
గండి అనే అందాం, సరిపోయింది. సమరియాలో ఇరుకైన చోటుని వాళ్లు పోర్తెస్, అంటే ద్వారాలు అంటారు. అక్కడ రెండు గోడల మధ్య నాలుగు మీటర్లు కూడా ఉండదు, పైకి చూస్తే మూడొందల మీటర్ల రాయి. నేను మధ్యాహ్నం దాటాను, ఎండ కింద దాకా రానే లేదు. కాళ్ల కింద నీళ్లు గులకరాళ్ల మీద పారుతున్నాయి, వాటి మీద పలకలు వేశారు. మేం నలుగురం మాట్లాడుకుంటూ వచ్చినవాళ్లం అక్కడ ఎవరూ చెప్పకుండానే నోరు మూసుకున్నాం.

రెండుముక్కలు
మూడోసారి అడుగుతున్నా. ఏ నెల?

తణుకు_టు_ఫ్రాంక్‌ఫర్ట్
ఏప్రిల్ 9 నుంచి 14. పిల్లల ఈస్టర్ సెలవులు. ఎందుకు?

రెండుముక్కలు
మూసి ఉంటుంది. మే 1న తెరుస్తారు.

తణుకు_టు_ఫ్రాంక్‌ఫర్ట్
అంటే?? ప్రకృతిని మూయడం ఏంటండీ, దానికి గేటు ఉంటుందా?

కొండదారి
ఉంటుంది బ్రో. 1962 నుంచి అది నేషనల్ పార్క్. పైన నడక మొదలయ్యే క్సిలోస్కాలో అనే చోట గేటు, టికెట్టు ఉంటాయి. ఆ టికెట్టు కింద బయటికి వచ్చేటప్పుడు మళ్లీ చూపించాలి, లోపల ఎవరైనా చిక్కుకుపోయారేమో లెక్క తెలియడానికి. మామూలుగా మే మొదటి నుంచి అక్టోబరు ఆఖరు దాకా తెరుస్తారు, అదీ వాతావరణం బాగుంటేనే. ఏప్రిల్‌లో పైన మంచు కరిగి గండిలో నీళ్లు పెరుగుతాయి, రాళ్లు జారుతుంటాయి. మీరు నెల చెప్పకపోయేసరికి నేను వేసవి అనుకుని అంత రాశాను, సారీ. రెండుముక్కలు గారు మొదటే అడిగారు.

ఇంకోటి, ఎంతమంది వెళ్తున్నారు?

తణుకు_టు_ఫ్రాంక్‌ఫర్ట్
నేను, మా ఆవిడ, ఏడేళ్ల బాబు, అత్తయ్యగారు, మామయ్యగారు. వాళ్లు మొన్ననే ఇండియా నుంచి వచ్చారు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నాయి కానీ దిగడమే కదా, ఎక్కేది లేదని ధైర్యం చేశాం.

రెండుముక్కలు
మోకాళ్లకి ఎక్కడం కన్నా దిగడమే నరకం.

పప్పుచారు
అయ్యో, అది 16 కిలోమీటర్లు అండి! 1,200 మీటర్ల పైచిలుకు ఎత్తు నుంచి సముద్రం దాకా దిగడం. మొదటి గంటంతా రాతి మెట్లు, మలుపులే. నేను 34 ఏళ్లకి దిగి మూడు రోజులు హోటల్ మెట్లు పక్కవాటుగా దిగాను. మధ్యలో ఆగిపోతే కంచర గాడిద తప్ప ఇంకో దారి లేదు. గేటు మూసి ఉండటం మీ అత్తయ్యగారి అదృష్టం అనుకోండి.

కొండదారి
అయితే ప్లాన్ మారుద్దాం. అత్తయ్యగారు కారు దిగకుండానే గండి చూడొచ్చు. చానియాకి దక్షిణంగా పదిహేను కిలోమీటర్లలో థెరిసో అనే పల్లె ఉంది. అక్కడికి వెళ్లే రోడ్డే గండి మధ్యలోంచి పోతుంది, రెండు పక్కలా గోడలు, వాటి మీద మేకలు. 1905లో వెనిజెలోస్ (తర్వాత గ్రీసు ప్రధాని అయ్యాడు) తిరుగుబాటు మొదలుపెట్టింది ఆ ఊళ్లోనే. ఎలాఫోనిసి దారిలో తోపోలియా గండి కూడా ఇలాగే కారులో దాటొచ్చు.

ఓమలోస్‌కి కూడా వెళ్లండి, గేటు మూసినా క్సిలోస్కాలో దాకా రోడ్డు ఉంది. పైనుంచి చూస్తే చాలు. ఏప్రిల్‌లో శిఖరాల మీద ఇంకా మంచు ఉంటుంది, మీ బాబు ఎగిరి గంతేస్తాడు. స్వెట్టర్లు మాత్రం మర్చిపోవద్దు.

నడవగలిగినవాళ్లకి ఇంబ్రోస్ దారి ఉంది, ఎనిమిది కిలోమీటర్లు, రెండున్నర మూడు గంటల పని. 1941లో జర్మన్లు క్రీట్ మీద పడినప్పుడు మిత్రరాజ్యాల సైనికులు ఈ వైపు నుంచే హోరా స్ఫకియోన్‌కి దిగి ఓడలెక్కారు. మీరూ మీ ఆవిడా బాబుతో దిగండి. మామయ్యగారికి డ్రైవింగ్ వస్తే...

రూల్_పుస్తకం
మామయ్యగారి దగ్గర పర్మిట్ ఉందా? పైగా అద్దె ఒప్పందంలో ఆయన పేరు రాయించాలి. లేకపోతే స్టీరింగ్ ముట్టుకోకూడదు. ఇప్పుడు చెప్పండి, నా పోస్టు అనవసరమా?

కొండదారి
ఒప్పుకుంటాను. వద్దులెండి, అత్తయ్యగారూ మామయ్యగారూ ఇంబ్రోస్ ఊళ్లో కాఫీ తాగుతూ కూర్చుంటారు. గండి చివర కొమితాదెస్ అనే ఊరు, అక్కడ టాక్సీ దొరికితే పైకి కారు దగ్గరికి వచ్చేయొచ్చు. ఏప్రిల్ కాబట్టి ఫోన్ నంబరు ఒకటి పొద్దున్నే కాఫీ హోటల్లో అడిగి పెట్టుకోండి.

దారిలో వ్రీసెస్ దగ్గర ఆగి గొర్రెపాల పెరుగు, తేనె తినండి. గడ్డపెరుగు మనకి కొత్త కాదు, కానీ అది చాకుతో కోసేంత గట్టిగా ఉంది. పెట్రోలూ అక్కడే నింపుకోండి. అక్కడి నుంచి దిగేది స్ఫకియా ప్రాంతం. రోడ్డు బోర్డుల మీద తుపాకీ రంధ్రాలు కనిపిస్తాయి, కంగారు పడొద్దు, అది అక్కడి కుర్రాళ్ల సరదా. టైముంటే అనోపోలి మీదుగా అరదేనా వంతెన దాకా వెళ్లండి. ఇనుప వంతెన, మీద చెక్క పలకలు, కింద 138 మీటర్ల లోతు. కారు ఎక్కగానే పలకలన్నీ దడదడలాడతాయి. మా నాన్నగారు కళ్లు మూసుకున్నారు.

బెజవాడ_బండి
బాలోస్ బీచ్ ఎవరూ చెప్పలేదేంటి? క్రీట్ ఫొటో అంటే అదే కదా.

రెండుముక్కలు
ఎనిమిది కిలోమీటర్ల మట్టి రోడ్డు. తర్వాత మెట్లు. ఇన్సూరెన్సు వర్తించదు.

రూల్_పుస్తకం
చాలా ఒప్పందాల్లో మట్టి రోడ్డు మీద టైరుకి, కారు అడుగు భాగానికి జరిగే నష్టం కవర్ కాదు, చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఎలాఫోనిసికి తారు రోడ్డే కాబట్టి ఫర్వాలేదు. అక్కడ నీళ్ల అంచున ఇసుక గులాబీ రంగులో ఉంటుంది, గవ్వల పొడి వల్ల. బాబు సీసాలో పోసుకోకుండా చూసుకోండి, తేవడం నిషేధం.

పప్పుచారు
ఇంకో పెద్ద విషయం అందరూ మర్చిపోయారు. ఇక్కడ జర్మనీలో ఈస్టర్ ఏప్రిల్ 5న అయిపోతుంది. వాళ్లది ఆర్థడాక్స్ లెక్క, 2026లో 12వ తేదీ. అంటే మీరు వెళ్లే రోజులు నట్టనడుమ వాళ్ల పెద్ద పండగ! మనకి సంక్రాంతి ఎలాగో వాళ్లకి అలాగ. 10న గుడ్ ఫ్రైడే, ఆ మూడు రోజులు బస్సులు, దుకాణాలు తక్కువే, ముందే చూసుకోండి. శనివారం రాత్రి మాత్రం ఏదో ఒక పల్లెలో చర్చి దగ్గర ఉండండి. అర్ధరాత్రి దీపాలు ఆర్పేసి ఒక్క కొవ్వొత్తితో మొదలుపెట్టి ఊరంతా వెలిగిస్తారు. బయట జూడాస్ బొమ్మని చితి మీద తగలెడతారు, మన దీపావళి నరకాసురుడిలా.

మీ అత్తయ్యగారు శాకాహారులా?

తణుకు_టు_ఫ్రాంక్‌ఫర్ట్
అవును, గుడ్డు కూడా తినరు. రైస్ కుక్కర్ తెస్తానంటున్నారు.

పప్పుచారు
అక్కర్లేదు. ఉపవాసాల రోజులు కాబట్టి శనివారం దాకా నిస్తీసిమో అని అడగండి, మాంసం, గుడ్డు, పాలు లేని వంట. పెద్ద చిక్కుడు గింజల గిగాంతెస్, ఉడికించిన ఆకుకూర హోర్తా, అన్నం కూరిన టమాటాలు దొరుకుతాయి. హోర్తా మీద నిమ్మకాయ పిండుకుని తింటే మన తోటకూర వేపుడికి దూరపు చుట్టం. కానీ జాగ్రత్త, వాళ్ల లెక్కలో ఆక్టోపస్, రొయ్యలు కూడా ఉపవాసం కూడే. నిస్తీసిమో అనగానే మురిసిపోకుండా ఏముందో అడగండి. ఆదివారం మాత్రం ఎక్కడ చూసినా గొర్రెపిల్లే, ఆ రోజుకి అపార్ట్‌మెంట్‌లో పప్పు వండుకోవడం మంచిది.

బెజవాడ_బండి
అయితే కుక్కర్ తీసుకెళ్లమనే కదా అర్థం.

పప్పుచారు
ఒక్క ఆదివారానికి గిన్నె చాలదా అండి!

పెన్నగట్టు
రొయ్య తిని ఉపవాసం అనడం బాగుంది. మన ఉపవాసం రోజు ఉప్మాలాగా.

తణుకు_టు_ఫ్రాంక్‌ఫర్ట్ (రెండు రోజుల తర్వాత)
థాంక్స్ అండి అందరికీ. అత్తయ్యగారితో చెప్తే నాకు ముందే తెలుసు అన్నారు, ఏం తెలుసో అడగలేదు. థెరిసో, ఓమలోస్, ఎలాఫోనిసి ఫిక్స్. ఇంబ్రోస్ వాన లేకపోతే. ఏప్రిల్ 13న హోరా స్ఫకియోన్ నుంచి లూత్రోకి పడవ ఉంటుందా?

కొండదారి
ఏప్రిల్‌లో పడవలు తక్కువ, గాలి ఎక్కువైతే ఉన్నవీ ఆపేస్తారు. ముందు రోజు రేవులో అడగడమే. లేకపోతే తీరం వెంట నడక దారి ఉంది, మోకాళ్లకి మాత్రం కాదు.

పెన్నగట్టు
ఇంబ్రోస్ కూడా గండే.