మోకాళ్లలో గుజ్జు అరిగితే విటమిన్ సి బిళ్ళలు పనిచేస్తాయా?

తెనాలి అమ్మాయి:
మా అమ్మకు 58 ఏళ్లు. రెండు మోకాళ్లలోనూ గుజ్జు అరిగిందని ఎక్స్‌రే చూసి డాక్టర్ గారు చెప్పారు. పులుపు తింటే కీళ్లు పట్టేస్తాయని ఎవరో అంటే నిమ్మకాయ, ఉసిరికాయ మానేసింది. ఇప్పుడేమో పక్కింటి పిన్ని గారు చెప్పారని 500 మిల్లీగ్రాముల విటమిన్ సి బిళ్ళలు రోజుకు రెండు చప్పరిస్తోంది. గతంలో కిడ్నీలో రాయి వచ్చిన మనిషి. నాకు టెన్షన్‌గా ఉంది. ఆపమనాలా?

హనుమకొండ ఫిజియో:
డాక్టర్ గారిని అడిగేదాకా ఆపించండమ్మా. విటమిన్ సి ఎక్కువైతే అందులో కొంత ఆక్సలేట్‌గా మారి మూత్రంలోకి వెళ్తుంది. కిడ్నీ రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేటే.

పిన్ని గారి మాటలో కొంత నిజముంది. గుజ్జుకు బలమిచ్చేది కొలాజెన్ అనే ప్రోటీన్, అది సరిగ్గా తయారవ్వాలంటే విటమిన్ సి కావాలి. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో జరిగిన పరిశీలనలో (1996), దీన్ని ఎక్కువగా తీసుకునేవాళ్లకు మోకాళ్ల అరుగుదల ముదరడం తక్కువగా కనిపించింది. అంతమాత్రాన అరిగిన గుజ్జు బిళ్ళలతో తిరిగొస్తుందని కాదు. 2004లో గినియా పందులకు నెలల తరబడి పెద్ద మోతాదు ఇస్తే వాటి మోకాళ్లు ఇంకా పాడయ్యాయి. మనలాగే వాటికీ ఈ విటమిన్ తిండి నుంచే రావాలి, అందుకే ఆ ఫలితాన్ని నేను తేలిగ్గా తీసుకోను.

పులుపు వల్ల గుజ్జు అరగదు. నిమ్మ, ఉసిరి మానేయడమే నాకు బాధగా ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో ఆడవాళ్లకు రోజుకు 65 మిల్లీగ్రాములు చాలు. ఒక్క జామకాయ తింటే అంతకు మించే వస్తుంది.

గౌట్ బాధితుడు:
నాకు గౌట్, అంటే రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువై కీళ్లు వాచి నొప్పెట్టే సమస్య. మామూలు మనుషులు రోజుకు 500 మిల్లీగ్రాములు 2 నెలలు వేసుకుంటే యూరిక్ యాసిడ్ డెసిలీటరు రక్తానికి సగటున 0.5 మిల్లీగ్రాముల దాకా తగ్గిందని 2005లో తేలింది. 2013లో గౌట్ ఉన్నవాళ్లకే ఇచ్చి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దీన్ని నమ్ముకుని, యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ మందు మాత్రం ఎవరూ ఆపొద్దండి.

తెనాలి అమ్మాయి:
థాంక్యూ అండి. అమ్మకు జామకాయ కొరకడం కష్టం. పెరుగు పచ్చడి చేసి పెట్టొచ్చా?

హనుమకొండ ఫిజియో:
భేషుగ్గా. దోరకాయ తురిమి వెంటనే పెరుగులో కలపండి, పోపు చల్లారాక వేయండి. వేడికి విటమిన్ సి పోతుంది. దాంతోపాటు కాలు చాపి కూర్చోబెట్టి, మోకాలి కింద చుట్టిన టవల్ పెట్టి, దాన్ని కిందికి నొక్కి 5 సెకన్లు ఉంచమనండి. ఒక్కో కాలికి పదిసార్లు, పొద్దున్నా సాయంత్రం. తొడ కండ బలపడితేనే నొప్పి తగ్గేది.