ఖమ్మం దగ్గర ఏఏ సమావేశాలు: అన్నయ్యను తీసుకెళ్లడం ఎలా?

వైరా_తమ్ముడు
మా అన్నయ్య తాగుడు మానేస్తానని తనంతట తానే అంటున్నాడు గానీ, బెల్టు షాపు ఇంటికి కూతవేటు దూరంలో ఉండడంతో ఆ మాట మర్నాటికి నిలవడం లేదు. దగ్గరలో ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) సమావేశం ఎక్కడ జరుగుతుందో ఎలా తెలుసుకోవాలి? తెలుగులో మాట్లాడతారా? డబ్బు కట్టాలా? మా వదినను రానిస్తారా? అక్కడ చెప్పుకున్న సంగతులు ఊళ్లోకి పొక్కవు కదా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

బెజవాడ_సభ్యుడు
నేను మొదటిసారి వెళ్లిన రోజున గుమ్మం పక్కన కుర్చీలో, ఎప్పుడు లేచిపోదామా అన్నట్టు కూర్చున్నాను. నా చేతుల వణుకు చూసి, టీ అందించిన పెద్దాయన గ్లాసులో సగమే పోశారు. ఏమీ అడగలేదు. ఆ సగం గ్లాసు వల్లే మర్నాడు మళ్లీ వెళ్లాను. సభ్యుడు కావడానికి తాగుడు మానాలన్న కోరిక తప్ప మరో అర్హత అక్కర లేదు. మా దగ్గర అందరూ తెలుగులోనే మాట్లాడతారు. మీ అన్నయ్యను మీరు ఈడ్చుకెళ్లకండి, తోడుగా వెళ్లండి.

నెల్లూరు_కోడలు
సమావేశాల కోసం ఊళ్లు తిరగడమెందుకు? మా వారికి తెలియకుండా పప్పుచారులో మాత్ర కలిపి పెట్టాను. తాగిన రోజున వాంతులై, ముఖం ఎర్రబడి, ఆయనకే భయం పుట్టింది. ఇప్పుడు సీసా ముట్టడం లేదు. ఎవరేమనుకున్నా నా సంసారం నిలబడింది.

మందుల_షాపు_అనుభవజ్ఞుడు
ఇరవై ఏళ్లకు పైగా ఈ వృత్తిలో ఉన్నవాడిగా చెబుతున్నాను, ఈ సలహాను ఎవరూ పాటించకూడదు. మీరు చెప్పింది తాగుడు మాన్పించడానికి డాక్టర్లు రాసే డైసల్ఫిరామ్ అయి ఉంటుంది. రోగికి పూర్తిగా తెలియకుండా దాన్ని ఎన్నడూ ఇవ్వరాదని మందు సమాచార పత్రంలోనే హెచ్చరిక ఉంటుంది. అది ఒంట్లో ఉండగా తాగితే రక్తపోటు పడిపోవచ్చు, గుండెకే ముప్పు రావచ్చు. చివరి మాత్ర వేసుకున్నాక రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉండవచ్చు. మీరు చేసింది వైద్యం కాదు, ప్రాణంతో చెలగాటం.

నెల్లూరు_కోడలు
అయ్యా, తాగి వచ్చిన మనిషి తలుపు బాదుతుంటే పిల్లల నోళ్లు మూసి కూర్చున్న రాత్రి మీకు తెలుసా? 1992లో మా జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో దాన్ని ఎత్తివేశారు. ప్రభుత్వమే చేతులెత్తేశాక ఆడదానికి వంటగది కాక ఇంకేం మిగిలింది? పత్రాలు చదివి మాకు నీతులు చెప్పకండి.

మందుల_షాపు_అనుభవజ్ఞుడు
మీ బాధను నేను కాదనలేదమ్మా, మీ పద్ధతిని కాదన్నాను. ఆయన తెలియక మళ్లీ తాగి పడిపోతే, ఏ మందు ఒంట్లో ఉందో ఆసుపత్రిలో ఎవరు చెబుతారు? వైరా తమ్ముడూ, మీరూ వినండి. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే తొలి రెండు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు, ఆ తరువాత మతి చలించి లేనివి కనబడవచ్చు. ముందు డాక్టరుకు చూపించండి, ఆ తరువాతే సమావేశం.

లష్కర్_కూతురు
నాదొక వేరే బాధ. సమావేశం చర్చి ప్రాంగణంలో జరుగుతుందని తెలిసి మా నాన్నగారు గేటు దగ్గరి నుంచే వెనక్కి వచ్చేశారు. గదులు వేరేచోట దొరకవా? దేవుడి ప్రసక్తి లేకుండా మానడం కుదరదా?

బెజవాడ_సభ్యుడు
తక్కువ అద్దెకు సాయంత్రం గది ఇచ్చేవారు ఎవరైతే వారి దగ్గరే జరుపుకుంటారు, అంతే. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో ఇది మొదలైంది ఇద్దరు తాగుబోతుల మధ్య మాటలతో. తాగుడు మానడానికి ఏఏ చెప్పే పన్నెండు మెట్లలో దేవుడి మాట ఉన్న మాట నిజమే, కానీ ‘మేము అర్థం చేసుకున్న విధంగా’ అని పక్కనే ఉంటుంది. మా బృందంలో నమాజు చేసేవారూ ఉన్నారు, ఏ దేవుణ్ణీ నమ్మనివారూ ఉన్నారు. అప్పటికీ మనసొప్పకపోతే ఆన్‌లైన్ సమావేశాలున్నాయి.

విశాఖ_ఇల్లాలు
వదిన గురించి అడిగిన ప్రశ్నను అందరూ దాటేశారు. ఓపెన్ మీటింగుకు ఆవిడ రావచ్చు, క్లోజ్డ్ మీటింగు మాత్రం తాగుడు సమస్య ఉన్నవారికే. అయితే ఆవిడలాంటి కుటుంబసభ్యుల కోసమే అల్-అనాన్ అనే బృందాలున్నాయి. ఏఏ వ్యవస్థాపకుల్లో ఒకరి భార్య మరొకరితో కలిసి 1951లో దాన్ని ప్రారంభించారు. భర్త జేబులు వెతకడం, సీసాలు పారబోయడం, అన్నంలో మందులు కలపడం మానేసి మన బతుకు మనం బతకడం నేను అక్కడే నేర్చుకున్నాను. నెల్లూరు వదినగారూ, మీ మీద కోపంతో అనడం లేదు, ఆ భయం నాకూ తెలుసు.

నెల్లూరు_కోడలు
ఆయన తాగితే నా బతుకు నేనెలా బతకను? ఇల్లు ఒక్కటే కదా.

వైరా_తమ్ముడు
అందరికీ కృతజ్ఞతలు. కేంద్ర ప్రభుత్వ మత్తు విముక్తి ఉచిత నంబరు 14446కు ఫోన్ చేసి మాట్లాడాను. సోమవారం అన్నయ్యను డాక్టరు దగ్గరకు తీసుకెళ్తున్నాను, వస్తానని ఒప్పుకున్నాడు. మరి డబ్బు సంగతి ఎవరూ చెప్పలేదు.

బెజవాడ_సభ్యుడు
రుసుము ఏమీ ఉండదు. చివర్లో ఒక సంచి తిప్పుతారు, ఇవ్వగలిగిన సభ్యులు తోచినంత వేస్తారు, అద్దెకూ టీకీ అదే ఆధారం. బయటివాళ్లు విరాళం ఇస్తామన్నా తీసుకోరు. డాక్టరు సరేనన్నాక నాకు ఇక్కడే సందేశం పెట్టండి, మీకు దగ్గరి బృందంలో తెలుగు మాట్లాడే సభ్యుణ్ణి ఒకరిని ముందే మీ అన్నయ్యతో మాట్లాడిస్తాను.